మన కార్డు ఏ రాష్ట్రానిది?

తాతల నాడే వచ్చి స్థిరపడ్డా, ఊళ్లో బంధువులకున్న ఆరోగ్యశ్రీ మనకూ వర్తిస్తుందని చెన్నైలో, బళ్లారిలో ఇంకా అనుకునేవారున్నారు. తెలుగు టీవీలో వచ్చేది అక్కడి సమాచారమే మరి. ఆస్పత్రి కౌంటరు దగ్గర నిజం తెలిసి, చెవికమ్మలు తాకట్టు పెట్టిన తల్లులను మేము చూశాం.

మాట తెలుగే అయినా, ఈ బీమా నివాసాన్ని బట్టి వస్తుంది. తమిళనాడులో కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 రూపాయల లోపైతే ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా ఉంది. రేషన్ కార్డుతో పాటు ఆదాయ ధ్రువపత్రం కావాలి. కర్ణాటకలో బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స. మిగతావారికి ప్యాకేజీ ధరలో 30 శాతమే. మహారాష్ట్రలో ఫూలే పేరిట, ఒడిశాలో గోపబంధు పేరిట పథకాలున్నాయి.

యానాం సంగతి విచిత్రం. పాలన పుదుచ్చేరిది, కానీ బీమా కంపెనీ క్లెయిము తిరస్కరిస్తే వెళ్లాల్సింది హైదరాబాదు అంబుడ్స్‌మన్ దగ్గరికి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాది దాటనివ్వకూడదు.

తమిళ, కన్నడ ఫారాలు మన పెద్దల్లో చాలామంది చదవలేరు. అక్కడి బడుల్లో చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు చదవగలరు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఓ గంట కూర్చుని, ఒక్కో ఇంటి రేషన్ కార్డు చూడండి. ముందు విధవరాళ్ల ఇళ్లవి.