మన ముచ్చట్లు: మెస్ గోడ మీద కాగితం

పోయిన సంచికలో గోంగూర కోసం జెడ్డా అంతా తిరిగిన సంగతి రాస్తే చాలామంది నవ్వుకున్నామన్నారు. ఈసారిది అంత నవ్వొచ్చే ముచ్చట కాదు. ఓపిగ్గా చదవండి.

2016 మొదట్లో నేనొక నిర్మాణ కంపెనీ టైమ్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. పేరెందుకు లెండి. 2014 మధ్యలో పీపా నూరు డాలర్లు దాటి ఉన్న చమురు 2016 జనవరికి ముప్పై కిందికి దిగింది. కాంట్రాక్టర్లకు రావలసిన బిల్లులు నిలిచిపోయాయి. పైవాళ్ళకిది ముందే తెలుసు. క్యాంపువాళ్ళకు తెలిసిందల్లా జీతం పదో తారీఖున రాలేదు, ఇరవయ్యోనా రాలేదు అని.

ఒకరోజు మెస్ గోడకు కాగితం అంటించారు. అరబ్బీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. 'రీస్ట్రక్చరింగ్' జరుగుతోంది, అందరూ సహకరించాలి. అంతే. ఎవరుంటారు, ఎవరు పోతారు, బాకీ జీతాలెప్పుడు? ఒక్క ముక్క లేదు. పన్నెండేళ్ళ సర్వీసున్న జగిత్యాల మేస్త్రి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, “రీస్ట్రక్చరింగంటే కొత్త బిల్డింగేమన్న కడుతున్నరా సార్?” అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే అసలు ప్రశ్న వేశాడు. “ఊర్లె ఇల్లు షురూ చేసిన. స్లాబుకు మిత్తికి పైసలు తెమ్మని చెప్పాల్నా, ఆగమనాల్నా?”

జాబితా అప్పటికే నా సొరుగులో ఉంది. అందులో ఆయన నంబరూ ఉంది. బయటికి పొక్కితే నీ నంబరూ చేరుతుందని మేనేజరు నవ్వుతూనే అన్నాడు. “ఏం కాదు లే, చూద్దాం” అన్నాను.

కంపెనీ నోరు విప్పకపోతే పుకార్లు ఊరుకుంటాయా? కంపెనీ అమ్మేశారని ఒకరు, రెండు నెలల బోనసిస్తారని ఇంకొకరు. రెండోది నమ్మినవాళ్ళే ఎక్కువ.

మాది చిన్న కంపెనీ. 1978లో మొదలైన సౌదీ ఓజర్ అంతటిదే 2017 జూలై 31న మూతపడింది. దానికి సరిగ్గా ఏడాది ముందు, సౌదీలో తిండికి ఇబ్బంది పడుతున్న భారతీయులు పదివేలకు పైనే ఉన్నారని విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించారు. జెడ్డా కాన్సులేటు, ఇక్కడి భారతీయులు కలిసి ఒక్క రాత్రిలో పదిహేను టన్నుల పైచిలుకు సరుకులు పంచారు. తమవాడు పస్తులున్నాడని ఊళ్ళో చాలా ఇళ్ళకు టీవీ చూశాకే తెలిసింది. ఫోనులో మగవాళ్ళు చెప్పుకోరు కదా.

మా మేస్త్రికి మే నెలలో ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. అప్పటికే నూటికి మూడు మిత్తితో స్లాబు పడిపోయింది. చట్టప్రకారం మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికో నెల జీతం. అంటే ఆయనకు తొమ్మిదిన్నర నెలల జీతం రావాలి. ఈ లెక్క ఆ కాగితంలో ఒక్క వాక్యంలో పట్టేది. డబ్బు చేతికందడానికి మరో పది నెలలు పట్టింది.

ఇప్పటికీ ప్రతి దసరాకూ ఫోను చేస్తాడు. “గప్పుడు మీకు గూడ తెల్వకపాయె సార్” అంటాడు. అవునంటాను.