టీచరమ్మకు మిగిలే గంటలు

ఊరిలో ఏదైనా కొత్త కార్యక్రమము తలపెట్టినప్పుడు, పని చేయుటకు ఎవరున్నారని మొదట అడుగుతాము. తల్లులకు ఆరోగ్య తరగతులు పెట్టాలనుకుందాము. "అంగన్‌వాడీ టీచరమ్మ ఉన్నది గదా!" అని ఎవరో ఒకరు అంటారు. అందరూ సరేనంటారు. ఆమె దినమంతా ఖాళీగా ఉన్నట్లే లెక్క కట్టేస్తాము.

ఆ దినము మునుపే నిండియున్నది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమైనది. పౌష్టికాహారము, చిన్నపిల్లల చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన వారిని ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్య బోధ, ఈ ఆరు సేవలు దానిలో ఉన్నవి. టీకా వేసేది నర్సమ్మే గాని, బిడ్డలను పోగుచేసేది టీచరమ్మ. ఆహారము ఏడాదికి 300 దినములు పెట్టవలెను. 2021 నుండి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో బిడ్డల ఎత్తు, బరువు ఎక్కించుట కూడా వచ్చి చేరినది. ఫోనులో సిగ్నలు లేని ఊళ్లలో ఆ కష్టము వేరే చెప్పనక్కరలేదు.

ఇవి రోజూ జరిగిపోయే పనులు గనుక, ఎవరి కాగితము మీదికీ ఎక్కవు. ఇంట్లో నీళ్లు తోడి పెట్టే పనిని ఎవరు లెక్కిస్తారు? కుండ ఖాళీగా ఉన్న పూట మాత్రము అందరూ అడుగుతారు.

కొత్త పని నెత్తిన పడితే ఆమె ఏమి చేయును? తరగతి అందరికీ కనబడును గనుక దానిని నడుపును. బరువులు తూచుట వచ్చే నెలకు వాయిదా పడును. చిక్కిపోతున్న బిడ్డ ఆ నెల ఎవరి కంటా పడడు. తల్లుల కొరకే పెట్టిన తరగతి వలన ఒక తల్లికి ఇంత నష్టము!

కాబట్టి మేము కోరేది ఏమనగా, తేదీ పెట్టక ముందే ఆమెతో కూర్చొని, ఒక వారములో ఏ పనికి ఎన్ని గంటలు పట్టుచున్నవో వ్రాయించండి. వారానికి 42 గంటలు పని అనుకుందాము. రోజువారీ పనులకే 38 పట్టితే మిగిలేవి 4. ఆ నాలుగూ మనవే అనుకోరాదు. ఆయా రాని రోజు ఉండును, అధికారులు తనిఖీకి వచ్చే రోజు ఉండును. రెండు గంటలకే ప్రణాళిక వేయండి. చాలకపోతే తరగతులు తగ్గించండి, లేదా చదువుకొన్న యువతులను ఇద్దరిని తోడు ఇవ్వండి. ఆ ఇద్దరి ఇంటి పనిని, నాట్ల రోజులను కూడా ముందుగా అడిగి తెలుసుకొనవలెను సుమా!