మీ బూతుకు మీ బొమ్మ కోసుకోండి

ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలది ఒక పాత కట్టుబాటు. రామాయణం ఆట పొద్దుపోయాక మొదలై తెల్లవారేదాకా సాగేది. నడిజామున జనం కునుకు తీయకుండా నవ్వించాలి. ఆ నవ్వు మోటుగా ఉంటుంది, ఒక్కోసారి పచ్చిగానే ఉంటుంది. అందుకోసం జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అని వేరే బొమ్మలు కోసిపెట్టుకున్నారు. మోటుమాట ఏదైనా వాళ్ళే అనాలి. సీతమ్మ బొమ్మను తెరకు ఆనించేసరికి వెనకున్న కళాకారుడి గొంతు మారిపోతుంది. మనిషి అదే, దీపం అదే, మేకతోలూ అదే. అయినా బంగారక్క మాట సీతమ్మ నోట రాదు. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ గౌరవంలో ఈ కట్టుబాటుకూ వాటా ఉందని నా నమ్మకం.

నేను క్రైస్తవుణ్ణి. రామాయణం నా వేదగ్రంథం కాదు. అయినా పిల్లల పాత్రల గురించి నేను చెప్పదలచుకున్న మాటను నిమ్మలకుంట కంటే బాగా ఆచరించి చూపినవాళ్ళు నాకు మరెక్కడా కనబడలేదు. మనుషులకు బూతు కావాలంటే దానికి వేరే బొమ్మ ఉండాలి. పిల్లవాడు నమ్మిన బొమ్మ నోట దాన్ని పెట్టకూడదు.

ఇవాళ మన పిల్లల ఫోన్లలో ఆ కట్టుబాటును కాళ్ళకింద వేసి తొక్కుతున్నారు. హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే ప్యాసింజరు రైలెక్కి చూడండి. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు బయట ఆగిన ఆటోల్లోకి తొంగి చూడండి. ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుని తండ్రి నేస్తుంటే పక్కన గోడకానుకున్న నాలుగేళ్ళ బిడ్డను చూడండి. చేతిలో ఫోను. ఫోనులో ఛోటా భీమ్, లేదా డోరేమాన్, లేదా టామ్, జెర్రీ. బొమ్మ అదే, రంగు అదే, పరుగు అదే. గొంతు మాత్రం మార్చేశారు. మన తెలుగులో, ఒక్కోసారి మన సీమ యాసలోనే, తల్లినీ చెల్లినీ ఈడ్చే తిట్లను ఆ నోళ్ళలో కుక్కారు. దానికి బూతు డబ్బింగ్ అని పేరు పెట్టి ఘనంగా చెప్పుకుంటున్నారు కూడా. బిడ్డ వెతికింది భీమ్‌ను. ఫోను చూపించిందీ భీమ్‌నే. ఏది అసలో ఏది నకిలీయో ఆ వయసులో ఎట్లా తెలుస్తుంది? కింద చిన్న అక్షరాల్లో పెద్దలకు మాత్రమే అని రాశామంటారు. అక్షరం రాని బిడ్డకు రాసిన హెచ్చరిక ఎవరిని కాపాడటానికి? రాసినవాణ్ణి కాపాడటానికి.

భీమ్ మన ఇంటి బిడ్డ అని మరిచిపోకండి. హైదరాబాదులో రాజీవ్ చిలక సంస్థ గ్రీన్ గోల్డ్ ఆ పాత్రను తయారుచేసింది. 2008లో పోగో చానెల్లో మొదలైంది. మన గడ్డ మీద పుట్టిన పిల్లల పాత్ర నోట మన భాషలోనే మురికి పోసినవాళ్ళు తెలుగువాళ్ళే. దీనికి పరదేశం మీద నింద వేయడానికి లేదు.

పరదేశంలో జరిగిందీ చెబుతాను. ఎ.ఎ. మిల్న్ తన కొడుకు ఆటబొమ్మలను చూసి 1926లో విన్నీ ద పూ కథలు రాశాడు. తేనె తప్ప మరో ఆశలేని మెతక ఎలుగుబంటి. ఆ పుస్తకం మీద అమెరికాలో కాపీరైటు 2022 జనవరి 1న తీరిపోయింది. మరుసటి ఏడాదికల్లా ఆ ఎలుగుబంటిని మనుషులను నరికే పిశాచిగా చూపించే సినిమా థియేటర్లలో ఉంది. లక్ష డాలర్లు కూడా ఖర్చుపెట్టకుండా తీసి, దానికి ఎన్నో రెట్లు రాబట్టారు. ఆ ఏటి చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డులు అయిదు దానికే వచ్చాయి. అయినా 2024లో రెండో భాగం వచ్చింది. అదే ఏడాది జనవరి 1న మిక్కీ మౌస్ తొలి రూపం మీద హక్కు తీరింది, వెంటనే అతనితోనూ హత్యల సినిమాలు తీస్తున్నామని ప్రకటనలు వచ్చాయి. బ్యాంబీ, పీటర్ పాన్ కూడా ఆ వరసలో చేరారు. వీళ్ళకు కొత్త రాక్షసుణ్ణి కల్పించే శక్తి లేదు. నూరేళ్ళుగా తల్లులు పిల్లల పక్కన పడుకుని కట్టిన నమ్మకం ఒకటి సిద్ధంగా దొరికింది. దాన్ని పగలగొడితే వచ్చే చప్పుడే వాళ్ళ సరుకు.

చట్టం ఒప్పుకుంది కదా అంటారు. అవును, ఒప్పుకుంది. దావీదు రాజుకు నాతాను ప్రవక్త చెప్పిన కథ ఇక్కడ నాకు గుర్తొస్తుంది. మందలు మందలున్న ధనవంతుడు, ఒకే ఒక గొర్రెపిల్లను కూతురిలా ఒళ్ళో పెంచుకున్న పేదవాడి ఇంటికి పోయి, చుట్టం వచ్చాడని ఆ పిల్లనే కోయించాడు. బలం అతనిది, ఆపేవాడు లేడు. ఆ కథ విన్న దావీదు కోపంతో లేచాడంటే, నేరం గొర్రె వెలలో లేదని అతనికి తెలుసు కాబట్టే. రాక్షసుల మందలున్న సినిమావాళ్ళు ఒక పసివాడి ఒళ్ళోని ఎలుగుబంటి కోసం ఎందుకు వచ్చారు?

మన బూతు డబ్బింగ్‌వాళ్ళకు ఆ చట్టం సాకు కూడా లేదు. భీమ్ మీద, డోరేమాన్ మీద హక్కులు ఇంకా బతికే ఉన్నాయి. మన 1957 కాపీరైటు చట్టం రచయిత చనిపోయాక అరవై ఏళ్ళు హక్కు ఇస్తుంది. 57వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: హక్కులు అమ్ముకున్నా సరే, తన కృతిని తన గౌరవం దెబ్బతినేలా వికృతం చేస్తే అడ్డుకునే అధికారం రచయితకు ఉంటుంది, ఆయన తర్వాత వారసులకు ఉంటుంది. ముళ్ళపూడి వెంకటరమణ 2011లో పోయారు. అంటే ఆయన సృష్టించిన బుడుగు మీద కాపీరైటు 2071 చివరిదాకా ఉంటుంది. ఆ తర్వాత? ఆ తర్వాత బుడుగును ముఖ్యంగా కాపాడవలసింది మన సిగ్గే. ఆ సిగ్గును ఇప్పుడు పెంచకపోతే అప్పటికి మిగలదు.

నా మీద వచ్చే పెద్ద ఆక్షేపణ నాకు తెలుసు. పిల్లలను గాజుబుడ్డిలో పెట్టాలంటావా, పాత కథల్లో హింస లేదా, నీ బైబిల్లో లేదా అని. ఉంది. యోసేపును సొంత అన్నలే గోతిలో పడేసి అమ్మేశారు. దానియేలును సింహాల గుహలో వేశారు. ఇవి సండే స్కూల్లో అయిదేళ్ళ బిడ్డలకు చెబుతాం, వాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామలో ప్రతి నెలా విక్రమార్కుడు శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకుని నడిచాడు. దాన్ని చదివి చెడిపోయిన పిల్లవాడు ఉంటే చూపించండి. భయాన్ని పిల్లలు మోయగలరు. తమతో నడిచే స్నేహితుడు చెడ్డవాడైపోవడాన్ని మోయలేరు. శవంలో బేతాళుడున్నా విక్రమార్కుడు విక్రమార్కుడిగానే ఉంటాడు, సింహాల మధ్య దానియేలు దానియేలుగానే ఉంటాడు. నేను నిర్మలత్వం అంటున్నది దాన్నే. లోకంలో చెడు లేదని చెప్పమని ఎవరూ అడగడం లేదు. చెడు వచ్చిన రోజున చెయ్యి పట్టుకోవడానికి ఒకరిని మిగల్చమని అడుగుతున్నాను.

చందమామను దాదాపు మూడు దశాబ్దాలు దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిజాన్ని నమ్మినవాడు. ఏ చర్చీ ఆయనకు ఆజ్ఞ ఇవ్వలేదు. అయినా పిల్లల పుటలో ఏ మాట పడవచ్చో ఏది పడకూడదో ఆయనకు తెలుసు. పెనుకొండ కోట కింద పెరిగిన ఏ ముసలమ్మకైనా తెలుసు. రాయల కొలువు కథల్లో తెనాలి రామలింగడి పేరుమీద మగవాళ్ళ కచేరీల్లో చెప్పుకునే చాటువులు వేరే ఉన్నాయి, మనవడికి చెప్పే పిల్లి కథ వేరే ఉంది. రెంటినీ ఎప్పుడూ కలపలేదు. ఆ రెంటినీ ఒకే తెరమీద, ఒకే వేలి కింద, ఒకదాని వెంట ఒకటి పెట్టినది ఈ ఫోను.

అమెరికాలో ఫ్రెడ్ రోజర్స్ అని ఒక ప్రెస్బిటీరియన్ పాస్టరు ఉండేవారు. ఆయన బోధపీఠం టీవీయే. 1968 నుంచి మూడు దశాబ్దాలకు పైగా పసిపిల్లలతో మెల్లగా మాట్లాడారు. ఒక హాస్యనటుడు అర్ధరాత్రి కార్యక్రమంలో ఆయన్ను అనుకరించి నవ్వించినప్పుడు కోర్టుకు వెళ్ళలేదు. అది పెద్దల వేళ, పెద్దల నవ్వు. 1984లో బర్గర్ కింగ్ తన ప్రకటనలో ఆయన్ను అనుకరించినప్పుడు మాత్రం పిల్లలు గందరగోళపడతారని అభ్యంతరం చెప్పారు, ఆ ప్రకటన ఆగిపోయింది. 1990లో కూ క్లక్స్ క్లాన్ అనే జాతిద్వేష ముఠావాళ్ళు ఆయన గొంతును అనుకరిస్తూ పిల్లలకు ద్వేషాన్ని నూరిపోసే ఫోను సందేశాలు పెట్టారు. అప్పుడు ఆ మెత్తని మనిషి కోర్టుకెక్కి ఆపించారు. ఎక్కడ ఓర్చుకోవాలో ఎక్కడ లేచి నిలబడాలో ఆయన బతుకులో స్పష్టంగా ఉంది. నవ్వు మీద కోపం అక్కర్లేదు. పిల్లవాడి నమ్మకాన్ని దొంగ గొంతుతో పిలిచినవాడి మీద కోపం రాకపోతే మనలో ఏదో చచ్చిపోయినట్టే.

యేసు ప్రభువు పాపులతో, సుంకరులతో కూర్చుని తిన్నాడు, సిలువ వేసినవాళ్ళను క్షమించాడు. పసివాళ్ళను తొట్రిల్లజేసేవాడి దగ్గరకొచ్చేసరికి మాత్రం మెడకు తిరగటిరాయి కట్టి సముద్రంలో పడేస్తే అదే వాడికి మేలన్నాడు. ఇంత కఠినంగా ఆయన మాట్లాడిన చోట్లు సువార్తల్లో ఎన్నో లేవు. ఆ మాటను మన సంఘాల్లో ఎన్ని ఆదివారాలు ప్రసంగించారు?

నా కోపంలో సగం నా వాళ్ళ మీదే. కొందరు పాస్టర్లు బొమ్మల కథలన్నీ సాతాను పని అని ఒక్క మాటతో తేల్చేస్తారు. చందమామ, భీమ్, పూ, అన్నీ ఒకే మూటలో కట్టి పారేస్తారు. 2001 డిసెంబరులో అమెరికాలోని అలమొగోర్డోలో ఒక సంఘం హ్యారీ పోటర్ పుస్తకాలను మంట వేసింది. పుస్తకం అమ్మకం తగ్గలేదు, క్రైస్తవులకు చదువంటే గిట్టదన్న పేరు మాత్రం మిగిలింది. అలా ఆదివారం తిట్టిన సంఘంలోనే ఆరాధన జరుగుతుండగా బిడ్డ ఏడిస్తే తల్లి ఏం చేస్తుంది? ఫోను తీసి చేతికిస్తుంది. దేవుని మందిరంలో, వెనక వరసలో, శబ్దం తగ్గించి. ఆ తల్లిని నేను తప్పుపట్టను, ఆమెకు మనం మరేదీ ఇవ్వలేదు. అన్నీ చెడ్డవే అని చెప్పి ఊరుకున్నవాడు, ఏది మంచిదో ఏరి ఇవ్వనివాడు, కాపరి పని చేయలేదు.

ఇక ఆ వీడియోలను నడిపే పెద్ద కంపెనీలు. చూసేది పిల్లలని మాకు తెలియదని వాళ్ళు అనలేరు. పెప్పా పిగ్, ఎల్సా రూపాలతో తీసిన వికృతపు వీడియోలు పిల్లలకు చేరుతున్నాయని 2017లో లోకమంతా గోల పుట్టింది. 2019లో పిల్లల వివరాలు అక్రమంగా సేకరించిన కేసులో గూగుల్, యూట్యూబ్ కలిసి 17 కోట్ల డాలర్లు కట్టాయి. తమ దగ్గర పిల్లలు గుంపులుగా ఉన్నారని బొమ్మల కంపెనీలకు చెప్పుకున్న సంగతి ఆ కేసులోనే బయటపడింది. మన దేశంలో సినిమాకు 7, 13, 16 ఏళ్ళ వయసు గీతలున్నాయి. ఎవడో గదిలో కూర్చుని గొంతు మార్చి వదిలే రీలుకు ఏ గీతా లేదు. అయితే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి పెద్ద కంపెనీకీ ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి. ఆ దారి ఉంది. ఒక్కడు నడిస్తే అది దారిలా కనబడదు. హిందూపురంలో ఒక సంఘం, పెనుకొండలో ఒకటి, ధర్మవరంలో ఒకటి, నెలకొక సాయంత్రం కూర్చుని, కనబడిన ప్రతి బూతు డబ్బింగ్ మీద పేరుపేరునా ఫిర్యాదు రాస్తే? మసీదు నుంచీ గుడి నుంచీ తల్లులను పిలిస్తే? రాకుండా ఎవరుంటారు?

వచ్చే వేసవిలో పిల్లలకు పెట్టే బైబిలు బడికి (వి.బి.ఎస్.కు) నాదొక విన్నపం, పాస్టరు గారూ. నిమ్మలకుంటకు పోండి. తోలుబొమ్మల కళాకారులను పిలిచి, అడిగినంత కూలి ఇచ్చి, చర్చి ఆవరణలో తెర కట్టించండి. మంచి సమరయుని కథ ఆడమనండి. దొంగల చేతిలో దెబ్బలు తిని రోడ్డు పక్కన పడిన మనిషి, చూసి తప్పుకున్న యాజకుడు, ఆగిన పరాయివాడు. వాళ్ళు ఆరోగ్యం గురించీ చదువు గురించీ కొత్త కథలు ఆడినవాళ్ళే, ఇదీ ఆడగలరు. రామాయణం ఆడే చేతులు మన ఆవరణలోకా అని సంఘపెద్దలు అడిగితే, బిడ్డ ముందు ఏ బొమ్మ నోట ఏ మాట రావాలో మనకంటే బాగా తెలిసిన చేతులు అవే అని చెప్పండి. ఆ రాత్రి గేటు దగ్గర ఒక బుట్ట పెట్టి, పెద్దల ఫోన్లన్నీ అందులో వేయించండి. మొదటి ఫోను మీది వేయండి.