క్యాంపరు కొనుటకు ముందు బండి బలము

అమెరికాలో కాపురముండు మన తెలుగు కుటుంబములలో కొందఱు వేసవి సెలవులకు పిల్లలను వెంటబెట్టుకొని, కొండలలోను అడవులలోను నాలుగు దినములు గడిపి రావలయునని కోరుదురు. ఇట్టి ప్రయాణములకు అచ్చటివారు వాడు సాధనములలో ట్రక్కు క్యాంపరు ఒకటి. అది పికప్పు ట్రక్కు వెనుక తొట్టిలో కూర్చుండు చిన్న గది. దానికి చక్రములు లేవు. పడక, పొయ్యి, పాత్రలు కడుగు సింకు, నీటి పీపా అన్నియు అందే అమర్చబడి యుండును. ప్రయాణము ముగిసిన పిమ్మట నాలుగు మూలల జాకీలపై గదిని నిలిపి, ట్రక్కును ముందునకు నడిపి బయటకు తీసికొనవచ్చును. క్రొత్తదానికి మిక్కిలి వ్యయమగును గాన పెక్కురు ఒకరు వాడినదానిని వెదకి కొందురు. బేరము కుదిరిన పిదప దానిని ఇంటికి తెచ్చుకొను భారము కొన్నవారిదే.

ఇది పురుషుల పనియని ఇల్లాండ్రు ఊరకుండరాదు. ఇందలి మొదటి పనికి యంత్రవిద్య అక్కఱలేదు. కూడికయు తీసివేతయు వచ్చిన చాలును. ఇంటి లెక్కలు వ్రాయు చేతికి అది క్రొత్తగాదు. అచ్చట కూతుళ్లును కోడండ్రును గల తల్లులకు గూడ ఈ సంగతి తెలిసియుండుట మంచిది. ఆ బండిలో కొండదారులు దిగువారు మన పిల్లలే గదా.

డ్రైవరు ప్రక్క తలుపు తెఱచినచో, తలుపు చట్రముపై అంటించిన చీటీలు కనబడును. ఇటీవలి కాలపు బండ్లలో, అందొక చీటీపై, ఎక్కినవారును సరకును కలిసి ఇన్ని కిలోలకు, అనగా ఇన్ని పౌనులకు, మించరాదని వ్రాసియుండును. అదియే ఆ బండి మోయగల బరువు. ఒకే పేరుగల రెండు బండ్లకైనను ఈ యంకె ఒకటిగా నుండదు. ఇంజనును, సీట్లను, ఇతరమైన హంగులను బట్టి మాఱును. కావున పొరుగువారి బండి మోసినది గదా యను మాట ప్రమాణము గాదు. మఱియొక చీటీపై ముందు ఇరుసును వెనుక ఇరుసును మోయగల బరువులు విడివిడిగా నుండును. క్యాంపరు భారములో ఎక్కువ భాగము వెనుక ఇరుసుపైనే పడును గాన ఆ యంకెను గూడ వ్రాసికొనవలెను.

అరటన్ను, ముప్పాతిక టన్ను, టన్ను బండ్లని వాడుకలో నున్న పేర్లు పూర్వకాలపువి; నేటి బండ్ల బలమును అవి సరిగా తెలుపవు. బలములో వరుస మాత్రము నిజమే. 1960లో రచయిత జాన్ స్టైన్‌బెక్ చార్లీ యను కుక్కను తోడుచేసికొని దేశమంతయు చుట్టివచ్చినపుడు ముప్పాతిక టన్ను జి.ఎం.సి. ట్రక్కుపై క్యాంపరు పెట్టించుకొనెను. అతనికే అట్టి బండి యుండగా, నలుగురుగల సంసారమునకు అరటన్ను బండి చాలునా యని తప్పక లెక్కించి చూడవలెను.

ఒక లెక్క వేసి చూతము. చీటీపై 1,900 పౌనులు, అనగా సుమారు 862 కిలోలు, ఉన్నదనుకొందము. క్యాంపరు ఖాళీ బరువు 1,400 పౌనులు. దానిని బిగించు సామగ్రి 90. కొని తెచ్చునాడు భార్యాభర్తలిద్దఱే పోయినచో వారి బరువు 310. మొత్తము 1,800. ఇంకను నూఱు పౌనులు మిగిలినవి. బండి సుఖముగా ఇల్లు చేరును. వేసవిలో ఆ బండియే పిల్లలిద్దఱితో బయలుదేఱును. నలుగురి బరువు 520. ఇరువది గాలనుల నీరు 167. గ్యాసు సిలిండరును బ్యాటరీయు 90. పక్కబట్టలు, బియ్యము, పప్పులు, వంటపాత్రలు, దుస్తులు 200. క్యాంపరుతోను బిగింపులతోను కలిపి ఇపుడు మొత్తము 2,467 పౌనులు. చీటీపై నున్నదానికి 567 పౌనులు, అనగా సుమారు 257 కిలోలు, మించినది.

అసలు మోసమిచ్చటనే యున్నది. తెచ్చిననాడు ఏమియు కాలేదు గదా యని ధైర్యము కలుగును. ఆనాడు బండి మోసినది ఖాళీ గదిని మాత్రమే. బరువు మించిన బండి బ్రేకు వేసినను త్వరగా ఆగదు. టైరులు వేడెక్కి పగులును. మలుపులలో గది ఒఱగును. కావున బేరమాడుటకు ముందే నిండు ప్రయాణపు లెక్క వేసి, అది మించినచో తేలికయైన క్యాంపరునైనను బలమైన బండినైనను వెదకవలెను. అమ్మువారు చెప్పు బరువు తఱచుగా ఏమియు నింపనిదే. ఎంత నీరు, ఎంత గ్యాసు కలిపిన బరువో క్యాంపరుపై చీటీలో వ్రాయవలెనని అమెరికా ప్రభుత్వ నిబంధన గలదు, దానిని చదువుడు. పిమ్మట చేర్చిన ఎండపందిరి మున్నగునవి ఆ లెక్కలోనివి గావు.

వెనుక భాగము క్రుంగకుండ అదనపు స్ప్రింగులనో గాలి తిత్తులనో వేయించుకొనుట గలదు. అవి బండిని సమముగా నిలిపి, ఊగుట తగ్గించును గాని చీటీపై యంకెను పెంచవు. నడుమునకు దట్టి బిగించినంతమాత్రమున మూటలు మోయువాని యెముకలు గట్టిపడునా?

లెక్క సరిపడిన పిమ్మట బండిని సిద్ధపఱుపవలెను. తొట్టి పొడవు ఇంచుమించుగా ఐదున్నర, ఆఱున్నర, ఎనిమిది అడుగులని మూడు విధములు. క్యాంపరు దేనికి చేసినదో అడిగి తెలిసికొనవలెను. దాని భారకేంద్రము వెనుక ఇరుసునకు ముందుగా నుండవలెను. వెనుకకు పోయినచో ముందు చక్రములు తేలికపడి స్టీరింగు పట్టు తగ్గును. తొట్టి వెనుక తలుపును తఱచుగా ఊడదీయవలసి వచ్చును. తొట్టిలో దళసరి రబ్బరు చాప పఱచవలెను. నున్నని ప్లాస్టికు పొరమీద గది జారును. గది ముందు భాగమునకును ట్రక్కు కప్పునకును నడుమ కొన్ని అంగుళముల సందుండవలెను.

నాలుగు మూలల బిగింపులు చాసీకి తగిలించినవైనచో మేలు. తొట్టిలోని చిన్న కొక్కెములు సామానులు కట్టుటకే గాని ఇంత గదిని ఆపుటకు గావు. పాత క్యాంపరులో వాననీరు దిగి లోని కొయ్య కుళ్లియుండవచ్చును. బిగింపులును జాకీలును ఆ మూలలనే పట్టుకొనియుండును గాన, అచ్చట చేతితో నొక్కి, ముక్కిన వాసన కలదేమో చూచి మఱి సొమ్మీయవలెను. ట్రక్కు టైరు ప్రక్కన డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుసలోని చివరి నాలుగంకెలు అది తయారైన వారమును సంవత్సరమును తెలుపును. 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారము.

తెచ్చునాడు నీటి పీపాలు ఖాళీచేసి, గ్యాసు కట్టి, పైకప్పు కిటికీలు మూయవలెను. ట్రక్కును గది క్రిందికి చేర్చునపుడు పిల్లలను దూరముగా నుంచవలెను. ప్రయాణములో క్యాంపరులో ఎవ్వరిని కూర్చుండనీయరాదు. పది మైళ్లు పోయిన పిమ్మట ఆగి బిగింపులు మఱల చూడవలెను. గది కుదుటబడినకొలది అవి వదులగును. నేలనుండి పైకొన వఱకు కొలిచి, ఆ యెత్తును వ్రాసి డ్రైవరు కన్నులయెదుట అంటింపవలెను. మనవారు పెక్కురు నివసించు ఉత్తర కెరొలినా ప్రాంతమున, డర్హములో, 11 అడుగుల 8 అంగుళముల యెత్తుననున్న రైలు వంతెనకు తగిలి ఎన్నో ట్రక్కుల కప్పులు చీలిపోయెను. 2019లో దానిని 12 అడుగుల 4 అంగుళములకు పెంచిరి.

నిండు ప్రయాణమునకు ముందు మనుష్యులతోను సామానుతోను సహా బండిని, రహదారి ప్రక్క లారీలు నిలుచు తావులలోని కాటాపై తూచి చూడవలెను. అచ్చట ఇరుసులవారీగా బరువు చీటీ యిత్తురు. దానిని తలుపు చీటీతో సరిచూచి, మించినచో మించినంత దింపవలెను. మొదట దింపదగినది నీరు; దానిని చేరినచోట నింపుకొనవచ్చును. ఆ రెండు చీటీలును సరిపడిన పిదపనే ప్రయాణమునకు ముహూర్తము పెట్టుకొనుడు.