ఒకనాటి యాత్రకు తోడెవరు?

ఆదివారమునాడు ప్రొద్దు పొడవకమునుపే ఎల్.బి.నగరు కూడలి విడిచి, తుర్కయంజాలు, బొంగుళూరు గేటు, శేరిగూడలు దాటి, మా ఇబ్రహీంపట్నము మీదుగా నాగార్జునసాగరమునకు పరుగులు తీయు యాత్రాబస్సులు ఎన్నియో కలవు. కాని వానిలో ఒక్కటియైనను మా పెద్దచెరువు కట్టయొద్ద ఆగి, "ఇది గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసిన చెరువు, ఆయన 1550 మొదలు 1580 వఱకు రాజ్యము చేసెను" అని ప్రయాణికులకు చెప్పగా మేము వినలేదు. చరిత్రను చూడబోవుచున్నామని టికెట్టు కొనుక్కున్నవారు చరిత్ర నడుమనుండియే కునుకు తీయుచు సాగిపోవుదురు. ఇందు డ్రైవరు తప్పేమియు లేదు. టికెట్టుమీద లేని ఊరు బస్సు దృష్టిలో ఊరే కాదు.

ఆగి చెప్పదలచినచో చెప్పవలసినది కొల్లలుగా నున్నది. సింహాసనమునకు రాకపూర్వము అన్నకు వెఱచి, విజయనగరమున అళియ రామరాయల యండను ఏడేండ్లు తలదాచుకొనిన ఈ ఇబ్రహీం, అక్కడి కొలువులో తెలుగు రుచి మరగి, తాను రాజైన పిదప తెలుగు కవులను చేరదీసి, వారినోట మల్కిభరాముడని పిలిపించుకొనెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకిత మొసగెను. ఆయన కాలముననే పటాన్‌చెరు అమీన్‌ఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు కృతి యిచ్చిన యయాతిచరిత్రము తొలి యచ్చతెనుఁగు కావ్యమని పేరొందినది. తనకు నీడనిచ్చిన ఆ రామరాయలమీదికే 1565లో దక్కను సుల్తానులతో గూడి దండెత్తినవాడును ఈతడే యని చెప్పినచో, బస్సులోని పిల్లలు చేతిలోని సెల్‌ఫోను దించి ముందుకు వంగకపోరు. నగరవాసులు నిత్యము చూచు హుస్సేన్‌సాగరమును, 1578లో మూసీపై వెలసిన పురానాపూలును ఆ ప్రభువు కాలపువే. ఆ వంతెనకును మా యూరి చెరువునకును ఇట్టి చుట్టరికము కలదని తెలుపు మనిషి బస్సులో లేకపోవుటయే అసలు లోపము.

నేను చెప్పదలచినది ఇంతే. నగరము వెలుపలి చారిత్రక స్థలములకు ఒక్కరోజులో పోయివచ్చు యాత్రను ఎన్నుకొనునపుడు మనము బస్సును ఎన్నుకొనుచున్నామే గాని, వెంట వచ్చి చెప్పు మనిషిని ఎన్నుకొనుట లేదు. ఏసీ కలదా, పుష్‌బ్యాకు సీట్లా, భోజనము ఛార్జీలో కలిసినదేనా, పెరుగన్నము దొరకునా అని గ్రుచ్చి గ్రుచ్చి అడుగు గృహస్థుడు, "చెప్పెడివారెవరు? వారికి లైసెన్సు ఉన్నదా? ఒక్కొక్క చోట ఎంతసేపు ఆపుతరు?" అని అడిగినట్లు కనబడడు. అడుగువారు లేనపుడు అమ్మువారు మాత్రమేల చెప్పుదురు? కరపత్రముమీద స్థలముల సంఖ్య పెరిగినకొలది బేరము పెరుగుచున్నది. స్థలములు పెరిగినకొలది ఒక్కొక్కదానికి దక్కు నిమిషములు తరుగుచున్నవి.

ఈ లెక్కను రామప్పగుడి యాత్రతో సరిచూచుకొనవచ్చును. హైదరాబాదునుండి ఆ గుడి యున్న పాలంపేటకు రానుపోను నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దారి. ఉదయము ఆరింటికి బయలుదేరి రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరినను, అందులో తొమ్మిది గంటలు చక్రములపైనే గడచును. ఫలహారము, భోజనము, తేనీళ్లు కలిపి మఱి గంటన్నర. మిగిలిన అయిదు గంటలలో వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఓరుగల్లుకోట, రామప్ప, వీలైన లక్నవరము. విస్తరినిండ వడ్డించి, చేయి కలుపకమునుపే బంతి లేపినట్లు ఇది. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితా కెక్కిన రామప్పయందు చూడవలసినది గోపురముమీది తేలికైన ఇటుక, పునాదిలోని ఇసుక, స్తంభముల పైభాగమున వాలుగా నిలిచిన నల్లరాతి మదనికలు, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనము. ఒక్క మదనిక కాలి పాదుకనుండి కొప్పు వఱకు కన్ను సాగుటకే కొంత తీరిక వలెను. ముప్పావుగంటలో ప్రదక్షిణము, ఫోటో, చెప్పులు వెదకుకొనుట మాత్రమే పూర్తియగును. రామప్పకు పోదలచినవారు ఓరుగల్లున ఒక రాత్రి బస చేయుట మేలు. ఒక్క రోజే చేతిలో నున్నచో దానిని మఱియొక యాత్రకు వినియోగించుట ఇంకను మేలు.

ఇక చెప్పెడివారి సంగతి. మన కోట లన్నింటిలోను ఒక సొరంగ మున్నది. గోలకొండనుండి చార్మినారుకు, అక్కడనుండి ఇంకెచ్చటికో, గుఱ్ఱముపై పోవునంత వెడల్పున! చూపుమన్నచో ప్రభుత్వమువారు మూసివేసిరందురు. ఇట్టి కథలు వినుటకు బాగుండును, వానిని నేను నిషేధింపుమనను. కథను కథగా, శాసనమును శాసనముగా వేఱుచేసి చెప్పగలవాడే గైడు. 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము క్రింద మఱుసటి యేట చేసిన నియమముల ప్రకారము, కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోని కట్టడమునందు పైకము పుచ్చుకొని సందర్శకులకు చూపించువాడు ఆ శాఖవారి లైసెన్సు కలిగియుండవలెను. ఆ కార్డును చూపుమని అడుగుట మర్యాదాతిక్రమణము కాదు. ఆటోమీటరు చూచి డబ్బు చెల్లించు మనకు ఈ మొగమాట మెక్కడనుండి వచ్చెనో తెలియదు.

మంచి గైడును గుర్తించుటకు నాగార్జునకొండను మించిన పరీక్షాస్థలము మన ప్రాంతమున లేదు. 1926లో సురపరాజు వెంకట్రామయ్య యను బడిపంతులు అచ్చటి యొక ప్రాచీన స్తంభమును గుర్తించి మద్రాసు ప్రభుత్వమునకు తెలుపగా, శాసనశాఖనుండి సరస్వతిగారు వచ్చి చూచిరి. పిదప లాంగ్‌హర్స్టు దొర త్రవ్వించెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు సాగరమునకు శంకుస్థాపన చేసెను. ఆ లోయ మునుగుట నిశ్చయమైనందున, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున లోయ నంతయు త్రవ్వి, వెలువడిన వానిలో ముఖ్యములైన కట్టడములను కొన్నింటిని కొండమీదికి, కొన్నింటిని అనుపు ఒడ్డునకు మార్చి మరల పేర్చిరి. కొన్నింటికి నమూనాలు చేసిరి. 1967లో జలాశయము నిండుటతో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి నీటి యడుగునకు పోయినది. మన మిప్పుడు లాంచీ యెక్కి చేరునది ఒకనాటి కొండశిఖరము. దీవిగా మారినది మన కాలముననే.

ఈ సంగతి మొట్టమొదట చెప్పని గైడు తక్కిన వేమి చెప్పినను వినువానికి అయోమయమే మిగులును. అనుపులోని మెట్ల రంగస్థలమును చూడుడు: నలుదిక్కుల రాతిమెట్లు, నడుమ ఆటనేల, నడుమ నిలిచి చప్పట్లు కొట్టిన పైమెట్టున కూర్చుండినవారికి స్పష్టముగా వినబడును. ప్రతి బస్సువారును ఈ చప్పట్లు కొట్టించి, "పదిహేడువందలేండ్ల క్రిందట రాజుగారు ఇదిగో ఇక్కడనే కూర్చుండిరి" అని ముగించుదురు. రాజుగారు ఇక్కడ కూర్చుండలేదు. ఆయన కూర్చుండిన నేల జలాశయము అడుగున నున్నది. ఇది దానిని తలపింపజేయునట్లు మరల కట్టిన రూపము. ఆ మాట చెప్పిన మాత్రాన ముచ్చట తగ్గదు సరికదా, ఒక లోయను కాపాడుటకు ఎంతమంది ఎన్నియేండ్లు శ్రమపడిరో తెలిసి ఇనుమడించును. రాజులు వైదిక యజ్ఞములు చేయుచుండగా, ఆ యింటి యాడువారు శాంతిశ్రీ మొదలైనవారు మహాచైత్యమునకు దానము లిచ్చి ప్రాకృతమున శాసనములు వేయించిన వైనము చెప్పగల గైడు దొరికెనా, ఆ దినము ధన్యము. లాంచీలు నీటిమట్టమునుబట్టి, గాలివాననుబట్టి ఆగిపోవుట కద్దు గనుక, లాంచీ లేనిచో పైకము తిరిగి యిత్తురా యని ముందే అడుగవలెను. శుక్రవారము కొండమీది ప్రదర్శనశాలకు సెలవు. ఆ దినమున యాత్ర అమ్మువాడు తెలియక అమ్మినను, తెలిసి అమ్మినను వానిని నమ్మరాదు.

దూరము తగ్గించుకొనదలచినవారికి నల్లగొండ ప్రక్కను పానగల్లు కలదు. కుందూరు చోడుల కాలపు ఛాయాసోమేశ్వరాలయమున ఒక గర్భగుడి గోడమీద పగలెల్ల కదలక నిలుచు స్తంభపు నీడను చూచి జనము మ్రొక్కుదురు. వెలుతురు నేరుగా గాక ప్రక్కలనుండి స్తంభముల సందున చెదరి లోనికి వచ్చుటచేత నీడ యట్లు నిలుచునని విప్పి చెప్పినంతమాత్రాన భక్తికి లోటు రాదు, శిల్పిమీద గౌరవము పెరుగును.

అయితే మా యూరివారికి వీని యన్నింటికంటె దగ్గఱిది రాచకొండ. మంచాల మీదుగా పోయిన ఇంచుమించు గంట ప్రయాణము. పదునాలుగవ శతాబ్దమున రేచర్ల పద్మనాయకులకు రాజధానియై, అనపోతనాయకుని కాలమున కోటలతో వర్ధిల్లి, రసార్ణవసుధాకరమను నాట్యలక్షణ గ్రంథము వ్రాసిన సింగభూపాలుని కొలువై, విశ్వేశ్వరకవి చమత్కారచంద్రికను పుట్టించిన చోటు అది. రామప్ప రేచర్లవారును ఈ రేచర్లవారును ఒక్కరే కారని చెప్పుటకైనను తెలిసిన మనిషి తోడుండవలెను. సున్నము లేక బండమీద బండ పేర్చిన ఆ గోడలయొద్ద చేయి చాచి సందులు తడవి చూచినచో, రాతిని చెక్కిన నేర్పు వ్రేళ్లకే తెలియును. కాని పోయి చూచువారికి గోడలతోపాటు గుప్తనిధులకై మూఢులు త్రవ్విన గుంటలును కనబడును. 2014లో ఆ గుట్టలనడుమ సినిమానగరము కట్టుదుమని ప్రభుత్వము తలపెట్టినది. 2016లో ఆ పేర పోలీసు కమిషనరేటు వెలసినది. పేరు ఇంతగా చలామణి యైనను, కోటను చూపుటకు లైసెన్సుగల గైడు కూర్చుండు చోటు అక్కడ లేదు. జనము లేని చోటనే గుంటలు పడును. జనము వచ్చి నిలుచు చోట త్రవ్వుటకు ఎవడును సాహసింపడు.

"మీరు చెప్పినట్లు ఒక్క చోటికే బస్సు వేసినచో సగము సీట్లు ఖాళీగా పోవును, నష్ట మెవరు భరింతురు?" అని యాత్రల వ్యాపారులు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. మోకాళ్లనొప్పులుగల వృద్ధులకు రాచకొండ ఎక్కుట కష్టము, నీడ లేదు, నీరు వెంట తీసికొనిపోవలెను, ఆడువారికి మరుగుదొడ్డి సదుపాయము చూచుకొనవలెను; వీని నెల్ల తోసిపుచ్చి చరిత్ర చరిత్ర యని పలవరించుట గృహస్థధర్మము కాదు. అయినను కొనువారి యభిరుచినిబట్టియే అంగడి సరకు మారును. మా చుట్టుప్రక్కల ఇంజనీరింగు కళాశాలలు ఎన్నియో కలవు. వానిలోని వేలాది విద్యార్థులు ఏటేటా విహారయాత్రలకు బస్సులు మాట్లాడుకొనుచున్నారు. వారిలో ఒక్క తరగతివారైనను "రెండే చోట్లు చాలును, చెప్పెడివారు మాత్రము గట్టివారు కావలెను" అని పట్టుబట్టినచో, వచ్చే యేటి కరపత్రము వేఱుగా నుండును.

కనుక టికెట్టు కొనబోవు పాఠకునకు నా మనవి: స్థలముల సంఖ్యను కాక, ప్రతిచోట నిలుపు గంటలను కాగితముమీద వ్రాయించుకొనుడు. గైడు పేరు, లైసెన్సు ముందురోజే అడిగి తెలిసికొనుడు. బస్సు ఎక్కిన పిదప డ్రైవరే గైడు అని తేలుట మన యాత్రలలో అరుదు కాదు. పదిహేనేండ్లలోపు పిల్లలకు కేంద్ర పురావస్తుశాఖ కట్టడములలో ప్రవేశ రుసుము లేదు. ఆ మిగిలిన పైకము గైడున కిచ్చినను నష్టము లేదు.

పర్యాటకాభివృద్ధి సంస్థవారికి చెప్పవలసినది ఇంకొకటి కలదు. మంచాల, సంస్థాన్ నారాయణపురం మండలములలో చరిత్ర చదివి ఉద్యోగము లేక తిరుగుచున్న యువతీయువకులను ఏర్చి, పురావస్తు పండితులచేత శిక్షణ నిప్పించి, గుర్తింపుకార్డు లిచ్చి, నెలనెలా రెండవ శనివారమున ఇబ్రహీంపట్నము బస్టాండునుండి రాచకొండకు ఒక్క బస్సు నడుపుడు. సాగరమును కట్టుటకు పూర్వమే నాగార్జునకొండను లోకమునకు చూపినవాడు ఒక బడిపంతులన్న సంగతి ఆ సంస్థవారికి తెలియనిది కాదు. మొదటి నెలలలో సీట్లు నిండకపోవచ్చును. ఆ నష్టము ఒక ప్రకటనా ఫలకమునకు పెట్టు ఖర్చుకంటె హెచ్చు కాదు. చలికాలమే కొండ ఎక్కుటకు అనువైనది గనుక, దీపావళి దాటినంతనే మొదటి బస్సు వేయవలెను.