అడ్డం, నిలువు, అత్తమ్మ

ముందుగా మీకో చిన్న పరీక్ష. "మధ్యాహ్నం ఇల్లాలికి దొరికీ దొరకనిది, ఎటు చదివినా ఒకటే (3)". పొయ్యి మీద పాలు ఉంటే దించుకుని వచ్చి ఆలోచించండి. జవాబు మధ్యలో ఎక్కడో చెబుతాను, ముందే కిందికి చూడకండి.

నాకు గళ్ళ నుడికట్టు పిచ్చి ఉందని మా ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు. "ఆ గళ్ళు నింపితే బియ్యం బస్తా ఏమన్నా వస్తదా?" అని మావారు. పిల్లలేమో "ఫోన్‌లో కొడితే జవాబు వచ్చేస్తది కదమ్మా" అంటారు. వచ్చేస్తే ఇక నాకేం మిగులుతుంది చెప్పండి! ఇంటర్ పూర్తి కాగానే పెళ్ళై పాలకీడు వచ్చాను. పప్పు, పాలు, ఫీజు, చీటీ డబ్బులు, మోటారు కాలింది, కాలువ నీళ్ళు వచ్చాయి... కొన్నేళ్ళు పోయేసరికి రోజంతా ఇవే మాటలు. చదువుకున్న మాటలన్నీ అటక మీది ఇత్తడి సామానులాగా నల్లబడిపోయాయి. వారానికొకసారి ఈ గళ్ళు పట్టుకుంటే వాటిని దించి చింతపండుతో తోమినట్టు ఉంటుంది నాకు.

ఈ ఆట మనది కాదు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్ళు గీసి మొదటిది వేశాడు. మన దగ్గర శ్రీశ్రీ అంతటి కవి పదబంధ ప్రహేళిక అని పేరు పెట్టి కూర్చారు. ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు. నాకు రెండో పేరే ఇష్టం, పలకడానికి నోరు తిరుగుతుంది.

ఇంగ్లీషు వాళ్ళకు ఇరవయ్యారు అక్షరాలే. మనకు అట్లా కాదు. ఒక్క గడిలో గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసి కూర్చుంటాయి. 'స్త్రీ' అయినా ఒకటే గడి. వంకాయకు మూడు గళ్ళు చాలు. అందువల్ల అడ్డంలో 'క' వస్తే నిలువులో 'కి' పనికిరాదు, 'కా' పనికిరాదు, అచ్చంగా 'క'నే కావాలి. తెలుగులో గళ్ళు కట్టడం కష్టం అనేది ఇందుకే. నింపేవాళ్ళకు మాత్రం ఇదే మేలు. ఒక్క అక్షరం దొరికితే సగం మాట దొరికినట్టే.

ఆధారం అంటే నిఘంటువులో అర్థం కాదు, మాటకు వేసే ముసుగు. "తీగ తిరగబడి నెత్తికెక్కింది (2)" అంటే, తీగ లత, తిప్పితే తల. "మంచం తిరగేస్తే రాయలసీమలో తేలాం (3)" అంటే పడక వెనక్కి చదివితే కడప. "సాంబారులో ముక్క, సినిమాలో నాన్న (3)" గుమ్మడి. నేను రాసుకున్న వాటిలో నాకు బాగా నచ్చింది ఇది: "చివర తెగిన ఆయన, ముందుకొచ్చి చేరిన వంక, కూర ఏమిటి? (3)". ఆయనలో 'న' తెంపితే 'ఆయ', ముందు వంక పెడితే వంకాయ. మావారికి చదివి వినిపిస్తే నవ్వలేదు. ఆ పూట కూరలో ఉప్పు తక్కువైందని మాత్రం అన్నారు.

అన్నట్టు, మొదటి ప్రశ్నకు జవాబు కునుకు. పులుపు కూడా అట్లాంటిదే, ఎటు చదివినా పులుపే.

ఇప్పుడు అసలు సంగతి చెబుతా. మా మామయ్య పోయినప్పటి నుంచి మా అత్తమ్మకు మాట తగ్గిపోయింది. అన్నం పెడితే తినేది, లేకపోతే అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూసేది. ఒక ఆదివారం నేను మొదటి అడ్డం దగ్గర ఆగిపోయాను. "కాల్చుకు తినే కంకి (4)". ఇంకేముంది, మక్కజొన్న అని రాసేశాను. మొదటి నిలువు "గింజ నోరు తెరిచింది (3)". 'మ'తో మొదలు కావాలి కదా, మడత, మరక అని ఏవేవో అనుకుంటూ రెండు రోజులు తిప్పలు పడ్డాను. రొట్టెల పిండి కలుపుతూ పైకే అంటున్నాను, "గింజ నోరు తెరిస్తే ఏమైతది?" అని. అరుగు మీది నుంచి, "మొలకొస్తది గదనే, గింత తెల్వదా?" అని వినిపించింది. చదువు రాని మనిషి ఆమె. చేతికి పిండితోనే బయటికి పోయి చూశాను. ఆమె అప్పుడే మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

అంటే మొదటి గడి 'మొ'. వాళ్ళు అడిగింది మొక్కజొన్న. గళ్ళు నాలుగే, తప్పు ఒక్క ఒత్వంలో. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కోపం వచ్చింది. మా దిక్కు పుట్టినప్పటి నుంచి మక్కజొన్న అనే అంటున్నాం, అది మాట కాదా? గోంగూర మూడు గళ్ళలో కూర్చుంటే, మా పుంటికూరకు నాలుగు గళ్ళు ఎవరిస్తారు? అందుకే నేను కట్టిన దాంట్లో మొదటి అడ్డం మక్కజొన్ననే పెట్టాను. నిలువు "ఉతికినా వదలని చుట్టం (3)". మీరు చేసుకోండి.

రెండోది మా ఊరి పేరుతో మొదలుపెట్టాను. "ముందు పాల, వెనక కీడు, ఊరు మాత్రం మంచిదే (4)". 'పా' కింద పాయసం దించాను, 'కీ' కింద కీరదోస. మధ్యలో 'ల' కింద కూడా దించితే పక్కపక్క గళ్ళు కలిసి అడ్డంగా అర్థం లేని మాటలు పుడతాయి. కొత్తగా కట్టేవాళ్ళు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. గడి విడిచి గడి దించాలి. మరి 'డు'తో మొదలయ్యే మాట ఏముంది? అందుకని పై నుంచి దింపాను. వెన్నెల వచ్చి 'ల' మీద ఆగింది, అల్లుడు వచ్చి 'డు' మీద ఆగాడు.

అల్లుడికి ఆధారం అత్తమ్మను అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వేళ్ళ మీద అ-ల్లు-డు అని లెక్కపెట్టుకుని, "పండక్కొస్తడు, పోయేటప్పుడు వట్టి చేతుల్తో పోడు" అంది. అని తనే నవ్వింది. మా ఆడపడుచు భర్త పండగకు వచ్చినప్పుడు ఈ పేజీ దాచెయ్యాలి.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుంటున్నాం. నేను చదువుతాను, ఆమె లెక్కపెడుతుంది. కునుకు పోయింది కానీ, పోనీండి. వెన్నెలకు మాత్రం ఆధారం ఇంకా కుదరలేదు. మీరు రాసి పంపండి. చంద్రుడు, రాత్రి అనే మాటలు వాడకూడదు. అత్తమ్మకు చదివి వినిపిస్తాను, ఆమె విప్పలేకపోతే అప్పుడు మీరు గెలిచినట్టు.