తొలివేటకు సన్నాహము

మన డెంకణికోట దేవుడు బేటరాయస్వామి. బేట యనగా వేట. వేటగాని పేరుతో వెలసిన స్వామిని కొలుచు ఊరివారికి వేట ముచ్చటలు క్రొత్తవి కావు. అంగడి ముందు నలుగురు కూడినచో ఏనుగుల ప్రస్తావనయో, అడవిపందుల ప్రస్తావనయో రాక మానదు. అందు దోషము లేదు. కాని యీ నడుమ మన కుటుంబముల యువకులు కొందరు కెన్నెత్ ఆండర్సను వ్రాసిన పుస్తకములు చదివి, "మేమును ఒక్కమారు పెద్దవేటకు పోవలెను; ఏమేమి సిద్ధము చేసికొనవలెను?" అని పెద్దల నడుగుచున్నారు. పెద్దలలో కొందరు మీసములు దువ్వుచు తాతల నాటి తుపాకుల సంగతులు చెప్పుచున్నారే కాని, ప్రశ్నకు సూటిగా ఉత్తరము చెప్పుట లేదు. ఆ పని యీ పత్రిక ద్వారా చేయ దలచితిని.

పూర్వపు వేటగాండ్ర సన్నాహమున నాలుగు అంగములుండెను. తుపాకి వాటిలో లేదు. అది డబ్బున్న ప్రతివానికిని దొరకెడిది.

మొదటిది అనుమతి. తెల్లవారి కాలమందును అడవి తలుపులు లేని కొట్టు కాదు. 1873లోనే మద్రాసు ప్రభుత్వము అడవి యేనుగుల రక్షణకై చట్టము చేసినది. రెండవది తోడు. 1910లో పుట్టి 1974లో గతించిన ఆండర్సను అంత పేరుపడినవాడయ్యును, బైర పూజారి వంటి అడవిబిడ్డల వెంట నడచియే జాడలు పట్ట నేర్చెను. మూడవది ఓర్పు. మంచెపై రాత్రియంతయు చుట్ట కాల్చక, దగ్గు రానీయక, కాలు కదల్పక కూర్చుండవలెను. నాలుగవది బాధ్యత. గాయపడిన మృగమును విడిచి యింటికి పోరాదు. దాని జాడ పట్టి బాధ తీర్చియే మరలవలెను. ఈ నాలుగవదియే అన్నింటికంటె గొప్పది.

దీనికి మన జవళగిరియే సాక్ష్యము. ఆండర్సను 1954లో వెలువరించిన 'నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్' అను గ్రంథమున మన ప్రాంతపు కథలు రెండు కలవు. గుమ్మలాపురపు చిరుత నరమాంసమునకు మరగుటకు కారణము దాని పాదమున విరిగి చీముపట్టిన ఏదుపంది ముళ్లని ఆయన వ్రాసెను. జవళగిరి ఆడపులి సంగతి వేరు. మగపులిని కోల్పోయి అరచుచు తిరుగుచున్న దానిని ఒక యువకుడు కాల్చెను. అది చావక, గాయముతో తప్పించుకొని, పిమ్మట మనుష్యులను చంపసాగెను. ఏదుపంది ముల్లుకు ఎవరిని నిందింపగలము? తుపాకి గుండునకు మాత్రము కర్త కలడు. మా వ్యాపారుల మాటలో చెప్పవలెనన్న, అప్పు చేసినవాడొకడు, తీర్చినవారు వేరొకరు. ఆ తీర్చినవారు అడవి యంచున బ్రతుకు పేదలు.

ఇక నేటి సంగతి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991 నాటి సవరణతో వేట లైసెన్సులు సైతము రద్దయినవి. మన చుట్టునున్న అడవులు 2014లో కావేరి ఉత్తర అభయారణ్యముగను, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యముగను ప్రకటింపబడినవి. అభయారణ్యమున వేటాడిన నేరమునకు మూడేండ్లకు తగ్గక ఏడేండ్ల వరకు చెరసాల. ప్రాణరక్షణకై మృగమును చంపుట నేరము కాదని చట్టమే చెప్పుచున్నది. అయితే ఆ సమయమున తానే ఆ చట్టమును మీరుచున్నవానికి ఆ మినహాయింపు లేదు. దొంగవేటకు పోయినవాడు "మృగము నాపై బడినది" అని మొరపెట్టుకొన్నను చెల్లదని భావము.

"మరి మా రాగిచేల గతి యేమి?" అని రైతు సోదరులు అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. ఏటేట చలికాలమున బన్నేరుఘట్ట వైపునుండి జవళగిరి మీదుగా ఏనుగుల మందలు వచ్చుచున్నవి; ఒక్క రాత్రిలో ఏడాది కష్టము నేలపాలగుచున్నది. రాగులు కొని యమ్మువాడను గనుక ఆ నష్టము నే నెరుగుదును. నష్టపరిహారము త్వరగా రావలెనని, కాపలా దళములు పెరుగవలెనని మనమందరమును కలిసి గట్టిగా అడుగవలెను. కాని అనుభవము లేని కుఱ్ఱవాడు చీకటిలో పేల్చిన గుండు ఏనుగును చంపదు, గాయపరచును. ఆ గాయపడిన ఏనుగు తెల్లవారునప్పటికి పొరుగువాని చేనిలో నుండును. జవళగిరి అప్పు మరల మొదలగును.

కావున యువకులకు నా సమాధానమిది. సన్నాహము మానవలదు, తుపాకి మానుడు. అటవీశాఖ అనుమతి తీసికొనుడు. అడవి నెఱిగిన స్థానికునకు తగిన కూలి యిచ్చి, అతని వెనుక నడువుడు. నోరు మూసికొని కూర్చుండుట నేర్వుడు. కనబడిన ప్రతిదాని పేరు తెలుగున వ్రాసికొనుడు. దుప్పి, కణుజు, రేచుకుక్క, ఏదుపంది మొదలగు మాటలు మన యవ్వల నోట ఇంకను వినబడుచున్నవి. మన బడులలో అవి వినబడుట లేదు. అడవి చూడని పిల్లలకు ఆ మాటలు నిలువవు.

పెద్దలకును ఒక మనవి. అటకలపై తుపాకులున్నవారు లైసెన్సు సరిగా నున్నదో లేదో వెంటనే చూచుకొనవలెను. లేనిచో పోలీసు స్టేషనున అప్పగింపవలెను. మన సంఘము వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ విషయము చర్చించి, రాగి కోతలు ముగిసిన పిమ్మట పదిమంది యువకులను అనుమతితో అడవికి పంపు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను. దారి ఖర్చులకు వర్తకులము మావంతు ఇత్తుము.